కొలవడానికి జీపీఎస్ వెస్ట్ ఉంది.. ఆడడానికి మ్యాచ్ ఏది? ఈస్ట్ బెంగాల్ నుంచి కరీంనగర్ దాకా ఫుట్‌బాల్ టెక్ కథ

2025 ఏప్రిల్ 18న కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ గ్రౌండ్‌లో ఒడిశా ఎఫ్‌సీతో మ్యాచ్ జరిగింది. ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు 1-0తో గెలిచారు. దాంతో ఇండియన్ ఉమెన్స్ లీగ్ టైటిల్ వాళ్లదైంది. ఆ ఒక్క గోల్ కొట్టింది మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య. కొద్ది రోజులకే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ 2024-25 సీజన్‌కు ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు కూడా ఆమెకే ఇచ్చింది.

ఫోన్లు, వాచీలు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట ఈ ముచ్చట ఎందుకంటారా? కారణం ఉంది. ఈ రోజు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అంటే సగం గాడ్జెట్ల ఆటే. ప్లేయర్ వీపు మీద జీపీఎస్, బంతిలో సెన్సర్, గ్రౌండ్ చుట్టూ కెమెరాలు. వీటిలో కొన్ని పనులు మీ జేబులో ఉన్న ఫోన్ కూడా చేయగలదు. మరి కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్‌లోనో ఫుట్‌బాల్ ఆడే పదహారేళ్ల పిల్లకో పిల్లవాడికో ఈ టెక్ నిజంగా ఎంత పనికొస్తుంది? దేనికి డబ్బు పెట్టాలి, దేనికి వద్దు? గాడ్జెట్ కొని తీర్చలేని లోటు ఏది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు క్లబ్ సంగతి: 1920 మోడల్, ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయి

ఈస్ట్ బెంగాల్ పుట్టిందే ఒక అలక నుంచి. 1920 జులైలో జోడాబగాన్ అనే క్లబ్, మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు సైలేష్ బోస్ అనే ఆటగాణ్ని పక్కన పెట్టింది. ఆ క్లబ్ ఉపాధ్యక్షుడు సురేష్ చంద్ర చౌధురికి అది నచ్చలేదు. బయటికొచ్చి, మరికొందరితో కలిసి 1920 ఆగస్టు 1న కొత్త క్లబ్ పెట్టాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన జనానికి అదే ఇంటి పేరైంది. దేశ విభజన తర్వాత శరణార్థులుగా వచ్చిన లక్షల మందికి ఎరుపు, బంగారు రంగుల జెర్సీ ఒక ఊరులాంటిది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇళ్లలో ఇలిష్ చేప వండుకుంటారు. మన గోదావరి జిల్లాలవాళ్లు పుస్తెలమ్మయినా తినాలనే పులస ఉందే, అదే ఇది.

ఈ క్లబ్ నంబర్లు చూస్తే కథ అర్థమవుతుంది. 1970 నుంచి 1975 వరకు వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగ్. 1975 ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద 5-0. 1997 జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు వచ్చిన ప్రేక్షకులు 1,31,781 మంది. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఆ మ్యాచ్ 4-1తో గెలిచారు. 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ కప్, 2024 జనవరిలో భువనేశ్వర్‌లో సూపర్ కప్. ఇక నేషనల్ లీగ్ టైటిల్ అంటే, 2025కు ముందు మగవాళ్ల జట్టు చివరిగా గెలిచింది 2003-04లో. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత మళ్లీ ఆ క్లబ్‌కు జాతీయ లీగ్ తెచ్చింది అమ్మాయిలే.

పేరు ఫుట్‌బాల్‌తోనే వచ్చినా ఇది ఫుట్‌బాల్ ఒక్కటే ఆడే క్లబ్ కాదు. హాకీ జట్టుంది, కోల్‌కతా క్లబ్ క్రికెట్‌లో జట్టుంది, అథ్లెటిక్స్ విభాగముంది. 1992లో కపిల్ దేవ్ ఈ క్లబ్ జెర్సీ వేసుకుని ఒక ఎగ్జిబిషన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడాడు. ఒకే మైదానం, ఒకే జెండా, ఒకే సభ్యత్వం, దాని కింద చాలా ఆటలు. ఇలాంటివాటిని మల్టీ-స్పోర్ట్ క్లబ్ అంటారు. బార్సిలోనా కూడా ఇదే టైపు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

కోల్‌కతాకు మన దారి కొత్తది కాదు

సౌమ్య కంటే చాలా ముందే మన దగ్గరి నుంచి ఆ క్లబ్‌కు దారి పడింది. 1950ల మొదట్లో ఈస్ట్ బెంగాల్ ఫార్వర్డ్ లైన్‌ను పంచ పాండవులనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన ఇండియా జట్టులో ఉన్నాడు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ కూడా అయ్యాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆ జట్టులోనే ఆడిన మహమ్మద్ హబీబ్, ఇద్దరూ హైదరాబాదీలే, ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు ఆడినవాళ్లే. వీళ్లందరి వెనక ఉన్న పేరు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, ఇండియా జట్టును తీర్చిదిద్దినాయన.

అప్పట్లో సెలక్షన్ అంటే ఒకరి కన్ను, ఒకరి మాట. హైదరాబాద్‌లో మ్యాచ్‌లు జోరుగా జరిగేవి కాబట్టి ఆ కన్నుకు మనవాళ్లు కనిపించేవారు. కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి జిల్లాలకు ఆ కన్ను చేరడమే అరుదు.

యాప్ పోయింది, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు ఇక మనకూ ఒక టాప్ డివిజన్ క్లబ్ ఉందనుకున్నాం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్ కూడా తెచ్చారు. ఆ తర్వాత జీతాల బకాయిల గొడవలు, ప్లేయర్లు వెళ్లిపోవడం, ఓనర్లు మారడం. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. కప్ గెలిచిన మూడేళ్లకే ఊళ్లో క్లబ్ లేదు.

ఈస్ట్ బెంగాల్‌కు కష్టాలు తక్కువేం కావు. ఫుట్‌బాల్ జట్టు వెనక యూబీ గ్రూప్ పోయి క్వెస్ వచ్చింది, క్వెస్ పోయి శ్రీ సిమెంట్ వచ్చింది, 2022 నుంచి ఇమామీ. ప్రతిసారీ గొడవే. కానీ క్లబ్ ఎటూ పోలేదు, పోదు. ఎందుకంటే ఇన్వెస్టర్ అనేది పైన నడిచే యాప్ లాంటిది, సభ్యులతో, మైదానంతో, పలు ఆటలతో ఉన్న క్లబ్ అనేది కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్. మనకు యాప్ ఇన్‌స్టాల్ అయింది, అన్‌ఇన్‌స్టాల్ కూడా అయింది. కింద ఓఎస్ లేదు.

పూర్తిగా ఖాళీ అని కాదు. హైదరాబాద్ శివార్లలోని శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో రన్నరప్, వాళ్ల మహిళల జట్టు కూడా ఇండియన్ ఉమెన్స్ లీగ్‌లో ఆడింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. కానీ ఇవన్నీ హైదరాబాద్ చుట్టే. ఆదిలాబాద్ నుంచి అక్కడికి మూడు వందల కిలోమీటర్లు.

వెస్ట్‌లో ఏముంది? ఫుల్ స్పెసిఫికేషన్స్

గోల్ కొట్టాక కొందరు ప్లేయర్లు జెర్సీ ఎత్తితే లోపల నల్లటి బిగుతు బనియన్ కనిపిస్తుంది. అదే ట్రాకింగ్ వెస్ట్. రెండు భుజాల మధ్య, వీపు పైభాగంలో ఒక చిన్న జేబు, అందులో ఒక పాడ్. బరువు ఒక కోడిగుడ్డుకు అటూ ఇటూ. ఆస్ట్రేలియా కంపెనీ కాటపుల్ట్, ఉత్తర ఐర్లాండ్ కంపెనీ స్టాట్‌స్పోర్ట్స్ ఈ రంగంలో పెద్ద పేర్లు. అధికారిక మ్యాచ్‌లలో ఇలాంటివి వేసుకోవడానికి ఫుట్‌బాల్ రూల్స్ చూసే బోర్డు 2015లో ఒప్పుకుంది.

పాడ్ లోపల:

- శాటిలైట్ రిసీవర్: సెకనుకు 10 సార్లు పొజిషన్ నోట్ చేస్తుంది. కొన్ని మోడళ్లలో ఇంకా ఎక్కువ.
- యాక్సిలరోమీటర్, జైరోస్కోప్: సెకనుకు 100 లేదా అంతకంటే ఎక్కువ రీడింగులు. దూకడం, తిరగడం, ఢీకొనడం ఇదే పట్టుకుంటుంది.
- హార్ట్ రేట్: ఛాతీ బెల్ట్ నుంచో, వెస్ట్‌లోని సెన్సర్ నుంచో.
- మెమరీ, బ్యాటరీ, కోచ్ ట్యాబ్లెట్‌కు లైవ్ డేటా పంపే రేడియో.

వీపు మీదే ఎందుకు? అక్కడినుంచి ఆకాశం బాగా కనిపిస్తుంది, చేతిలా ఊగదు, కింద పడినా దెబ్బ తగిలే అవకాశం తక్కువ.

ఇక డేటా. ఒక మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. కోచ్‌లకు కావాల్సింది ఆ మొత్తం కాదు. అందులో వేగంగా పరిగెత్తింది ఎంత అన్నదే. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో గంటకు 19.8 కిలోమీటర్లు దాటితే హై-స్పీడ్ రన్నింగ్ అని, 25.2 దాటితే స్ప్రింట్ అని లెక్కేయడం మామూలు. మహిళల ఆటలో ఈ గీతలు కాస్త కిందికి పెడతారు. ఒక ప్లేయర్ లెక్క వారం వారం ఎంత పెరుగుతోందో చూసి, ఒక్కసారిగా లోడ్ ఎక్కువైతే ప్రాక్టీస్ తగ్గిస్తారు. గాయం కాకముందే ఆపడం, వెస్ట్ అసలు పని ఇదే.

వరల్డ్ కప్ లెవెల్‌లో ఇంకో ప్రపంచం. 2022 ఖతార్‌లో ఆఫ్‌సైడ్ కోసం స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ప్లేయర్ శరీరం మీద 29 పాయింట్లు, సెకనుకు 50 సార్లు. బంతిలో ఉన్న సెన్సర్ సెకనుకు 500 సార్లు డేటా పంపింది.

మరి నా స్మార్ట్‌వాచ్ సరిపోదా?

లెక్క చూద్దాం. గంటకు 25 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. మామూలు స్మార్ట్‌వాచ్ సెకనుకు ఒకసారి జీపీఎస్ పాయింట్ తీసుకుంటుంది. అంటే రెండు పాయింట్ల మధ్య మీరు 7 మీటర్లు పోయి ఉంటారు. ఫుట్‌బాల్‌లో స్ప్రింట్ సాధారణంగా రెండు నుంచి నాలుగు సెకన్లే. వాచ్‌కు దొరికేది మూడు నాలుగు చుక్కలు. వాటి మధ్య మీరు ఎడమకు తిరిగి, ఆగి, మళ్లీ పరిగెత్తినా అది సాఫీగా ఒక గీత గీసేస్తుంది. వెస్ట్‌కు ప్రతి 70 సెంటీమీటర్లకు ఒక చుక్క ఉంటుంది. పైగా వాచ్ ఉండేది ఊగే చేతికి.

రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల జాగింగ్‌కు వాచ్ మస్తు పనికొస్తుంది. హార్ట్ రేట్, నిద్ర, వారం మొత్తంలో ఎంత కష్టపడ్డారన్నది చూసుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్లు డ్యూయల్ బ్యాండ్ జీపీఎస్ ఉందేమో చూడండి, స్టేడియం గోడల పక్కన, బిల్డింగుల మధ్య తేడా తెలుస్తుంది. కానీ టాప్ స్పీడ్ అని స్క్రీన్ మీద చూపించిన నంబర్‌ను నమ్మి ఎవరికీ పంపకండి. ఇంకో విషయం, మ్యాచ్‌లో రిఫరీ వాచ్ తీసేయమంటాడు. అది రూల్.

సున్నా ఖర్చుతో స్పీడ్ టెస్ట్

స్పీడ్ కొలవడానికి వాచ్ కంటే మీ ఫోన్ కెమెరా చాలా నయం. ఇలా చేయండి:

1. టేప్‌తో 30 మీటర్లు కొలిచి, పరిగెత్తే లైన్ మీదే రెండు చివర్లా కోన్లు పెట్టండి. కోన్లు లేకపోతే ఇటుకలైనా ఓకే.
2. లైన్‌కు పక్కగా, సరిగ్గా మధ్యలో, రెండు కోన్లూ ఫ్రేమ్‌లోకి వచ్చేంత దూరంలో ఫోన్ పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, స్టాండ్ వాడండి.
3. స్లో మోషన్‌లో 120 ఎఫ్‌పీఎస్ పెట్టి రికార్డ్ చేయండి.
4. నడుము మొదటి కోన్ దాటిన ఫ్రేమ్ నుంచి రెండో కోన్ దాటిన ఫ్రేమ్ వరకు లెక్కపెట్టి, 120తో భాగించండి.

ఉదాహరణకు 576 ఫ్రేములు వస్తే 4.8 సెకన్లు. ఒక్కో ఫ్రేమ్ విలువ సెకనులో 120వ వంతు కాబట్టి, స్టాప్‌వాచ్ నొక్కే వేలు కంటే ఇది ఎంతో కచ్చితం. పగటి వెలుగులోనే చేయండి. వెలుగు తగ్గితే కొన్ని ఫోన్లు చెప్పకుండానే ఫ్రేమ్ రేట్ తగ్గిస్తాయి.

దమ్ము కొలవడానికి యో-యో టెస్ట్ ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ బాంగ్స్‌బో రూపొందించింది. 20 మీటర్లు పోయి రావడం, 10 సెకన్ల విరామం, బీప్ వేగం పెరుగుతూ ఉంటుంది. కావాల్సింది బీప్ ఆడియో, ఒక బ్లూటూత్ స్పీకర్. ప్రొఫెషనల్ జట్లు కూడా వాడే టెస్ట్ ఇది.

మ్యాచ్ వీడియో: ఇదే మీ బయోడేటా

వెస్ట్ డేటాకు ఒక లోపం ఉంది. మీరు ఎంత పరిగెత్తారో చెబుతుంది, ఎందుకు పరిగెత్తారో చెప్పదు. సరైన చోట నిలబడి రెండడుగులు వేసి బంతి లాక్కున్న డిఫెండర్‌కు స్ప్రింట్ లెక్కలో మార్కులు రావు. అది కనిపించేది వీడియోలోనే. దూరంగా ఉన్న కోచ్ అడిగేదీ వీడియోనే.

60 ఎఫ్‌పీఎస్ ఎందుకంటే, గంటకు 90 కిలోమీటర్ల షాట్ సెకనుకు 25 మీటర్లు పోతుంది. 30 ఎఫ్‌పీఎస్‌లో ఫ్రేమ్‌కు ఫ్రేమ్‌కు మధ్య బంతి 83 సెంటీమీటర్లు జరుగుతుంది, 60లో 42 సెంటీమీటర్లే. కాబట్టి 4కే కోసం ఆరాటపడకండి, 1080పీ, 60 ఎఫ్‌పీఎస్ బెస్ట్. హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో ఇది నిమిషానికి సుమారు 90 ఎంబీ, అంటే 90 నిమిషాల మ్యాచ్‌కు 8 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద దీన్ని అప్‌లోడ్ చేయాలంటే ఐదారు రోజులు. ఎవరింట్లోనైనా వైఫై ఉంటే అక్కడే చేయండి.

మరికొన్ని టిప్స్:

- సెంటర్ లైన్ దగ్గర, వీలైనంత ఎత్తు నుంచి తీయండి. స్టేడియం మెట్లు, డాబా, ఏదైనా సరే. కింద నుంచి తీస్తే ప్లేయర్లు ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు.
- ఫోన్ అడ్డంగా పెట్టండి. జూమ్ చేయకండి. బంతి లేనప్పుడు మీరేం చేస్తున్నారన్నదే కోచ్‌కు కావాలి.
- ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి. మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోయే ప్రమాదం ఉంది.
- క్లిప్స్ మూడు నాలుగు నిమిషాలకు మించొద్దు. మీ జెర్సీ నంబర్ మొదట్లోనే చూపించండి. స్లో మోషన్, సినిమా పాటలు వద్దు. పూర్తి మ్యాచ్ లింక్ కింద ఇవ్వండి.
- ఆడేది పిల్లలైతే తల్లిదండ్రులను అడిగి, అన్‌లిస్టెడ్‌గానే పెట్టండి.

ఎండ సంగతి మరవద్దు. ఐఫోన్ వాడడానికి ఆపిల్ చెప్పే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. రామగుండం, ఆదిలాబాద్ మే నెలలో 44, 45 చూస్తాయి. పదిహేను నిమిషాల్లో ఫోన్ వేడెక్కి కెమెరా మూసుకుంటుంది. కవర్ తీసేయండి, గొడుగు నీడ పెట్టండి, బ్రైట్‌నెస్ తగ్గించండి. రికార్డ్ చేస్తూ చార్జింగ్ పెడితే వేడి ఇంకా పెరుగుతుంది. పొద్దున ఏడింటికి మ్యాచ్ షురూ చేస్తే ప్లేయర్లకూ మంచిది, ఫోన్‌కూ మంచిది.

ఏఐ కెమెరాలు కూడా వచ్చాయి. డెన్మార్క్ కంపెనీ వేయో కెమెరా స్టాండ్ మీద పెడితే చాలు, రెండు 4కే లెన్సులతో గ్రౌండ్ మొత్తం తీసి, బంతిని తనే ఫాలో అవుతుంది. సూపర్ గాడ్జెట్టే, కానీ పైన సబ్‌స్క్రిప్షన్ కూడా కట్టాలి. ఒక్క ప్లేయర్ కొనే వస్తువు కాదిది.

ట్రయల్స్ పేరుతో వాట్సాప్ మెసేజ్ వస్తే

వీడియో బయటికి వెళ్లాక మెసేజ్‌లు కూడా వస్తాయి. దేశంలో పోటీ ఫుట్‌బాల్ ఆడాలంటే క్లబ్ లేదా అకాడమీ ద్వారా ఫెడరేషన్ వారి సెంట్రలైజ్డ్ రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో పేరు ఉండాలి. అక్కడ మీకో ఐడీ వస్తుంది. పెద్ద క్లబ్‌లో సెలక్షన్ గ్యారంటీ అని, ముందు డబ్బు యూపీఐ చేయమని ఎవరైనా అంటే ఆగండి. ఆ క్లబ్ అధికారిక పేజీలో ఆ ట్రయల్స్ ప్రకటన ఉందో లేదో చూడండి. లేకపోతే నంబర్ బ్లాక్ చేయడమే.

అసలు లోటు ఎక్కడుంది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వెస్ట్, వాచ్, కెమెరా, ఏఐ, ఇవన్నీ కొలిచేవి, చూపించేవి. కొలవడానికి మ్యాచ్ ఉండాలి కదా! ఏడాదికి జిల్లా సెలక్షన్ పేరుతో రెండు మ్యాచ్‌లు, స్కూల్ గేమ్స్‌లో మూడు ఆడే పిల్లకు లక్ష రూపాయల కిట్ ఇచ్చినా దొరికేది ఐదు మ్యాచ్‌ల డేటానే. కోల్‌కతాలో అదే వయసు పిల్ల లీగ్‌లో వారం వారం ఆడుతూ ఉంటే, పోటీ గాడ్జెట్ల మధ్య కాదు, మ్యాచ్ నిమిషాల మధ్య.

మనకు స్థలాలు లేవా అంటే ఉన్నాయి. కరీంనగర్‌లో అంబేడ్కర్ స్టేడియం, ఆదిలాబాద్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, రెండు చోట్లా ప్రాంతీయ క్రీడా పాఠశాలలు. సింగరేణి ఏరియాల్లో కార్మికుల కోసం కట్టిన గ్రౌండ్లు, అక్కడ ఏటా జరిగే అంతర్ ఏరియా పోటీలు. లేనిది వీటన్నిటినీ ఏడాది పొడవునా కలిపి నడిపే క్లబ్.

ఈస్ట్ బెంగాల్ దగ్గర నేర్చుకోవాల్సింది అదే. ఒక్క ఆట మీద క్లబ్ నిలబడడం కష్టం, ముఖ్యంగా మన జిల్లాల్లో. ఫుట్‌బాల్‌కు పదిహేను మందే వస్తారు. కానీ కబడ్డీకి వస్తారు, వాలీబాల్‌కు వస్తారు, అథ్లెటిక్స్‌కు వస్తారు. నలుగురూ ఒకే రిజిస్టర్‌లో ఉంటే గ్రౌండ్ ఒకటే, ట్రైపాడ్ ఒకటే, బీప్ స్పీకర్ ఒకటే, ఏఐ కెమెరా సబ్‌స్క్రిప్షన్ కూడా ఒకటే. ఒక్కరికి మోయలేని ఖర్చు నాలుగు జట్లకు పంచుకుంటే తేలిక. ఇంకో లాభం, ఒక ఆట పిల్లలు ఇంకో ఆట కోచ్ కంట్లో పడతారు. సౌమ్య కూడా మొదట్లో పరుగు పందేల అమ్మాయే, ఆ వేగమే ఆమెను ఫుట్‌బాల్‌కు తెచ్చింది. ఆ తర్వాత గోకులం కేరళ, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, ఇప్పుడు కోల్‌కతా.

మా తీర్పు

డబ్బు పెట్టాల్సిన వరుస ఇది. మొదట మంచి బూట్లు, షిన్ గార్డులు. రెండోది ఒక గట్టి ట్రైపాడ్. మూడోది మెమరీ, పవర్ బ్యాంక్. ఫోన్ ఇప్పటికే ఉంది, 1080పీ 60 ఎఫ్‌పీఎస్ వస్తే మార్చనక్కర్లేదు. స్మార్ట్‌వాచ్ ఉంటే వాడండి, లేకపోతే ఆట కోసమని కొనొద్దు. జీపీఎస్ వెస్ట్ ఒక్కరి కోసం అస్సలు వద్దు. డేటా చూసి ప్రాక్టీస్ మార్చే కోచ్ ఉన్న రోజున, జట్టు మొత్తానికి తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు, చవకైన పని ఒకటుంది. మీ ఊళ్లో నాలుగు జట్లను కూర్చోబెట్టి, పది ఆదివారాల మ్యాచ్ షెడ్యూల్ ఒకటి రాయండి. ఒక ఎక్సెల్ షీట్ చాలు. రౌండ్‌కు రెండు మ్యాచ్‌ల లెక్కన పది వారాలకు ఇరవై మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు పది. దాంతో ఒక్కో ప్లేయర్‌కు పది మ్యాచ్‌ల వీడియో, ఏడాదికి రెట్టింపు నిమిషాలు. ఆ షీట్ రెండో ఏడాది కూడా తెరిచారంటే, మీ దగ్గర ఒక క్లబ్ మొదలైనట్టే.